ఎవరు ఎవరో తెలియని ఊళ్లో మిస్ మార్పుల్

చిప్పింగ్ క్లెగ్‌హార్న్ అనే ఇంగ్లిష్ పల్లెటూళ్లో శుక్రవారం పొద్దున్నే ఇంటింటికీ స్థానిక పత్రిక వస్తుంది. అందరూ ముందు తిరగేసేది చిన్న ప్రకటనల పేజీనే. వంటమనిషి కావాలని ఒకరు, కుక్కపిల్లలు అమ్ముతామని ఇంకొకరు, కోళ్లున్నాయని మరొకరు ప్రకటన ఇస్తారు. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆ పేజీ చూస్తే తెలిసిపోతుంది. ఆ శుక్రవారం వాటి మధ్యలో ఓ వింత ప్రకటన కనిపిస్తుంది. అక్టోబర్ 29 సాయంత్రం 6.30 గంటలకు లిటిల్ పాడక్స్ అనే ఇంట్లో హత్య జరగబోతోందని, మిత్రులకు వేరే పిలుపులు ఉండవని, దీన్నే ఆహ్వానంగా భావించాలని దాని సారాంశం.

ఇంగ్లిష్ రచయిత్రి ఆగథా క్రిస్టీ 1950లో రాసిన ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’ ఇలా మొదలవుతుంది. మొదటి అధ్యాయమంతా ఆ ప్రకటన ఒక్కో ఇంట్లో ఎలా చదివారన్నదే. ఓ తల్లి దాన్ని కొడుక్కి చదివి వినిపిస్తుంది, అతనికేమో అంతగా పట్టదు. ఇండియా నుంచి తిరిగొచ్చిన ఓ కల్నల్ అదేదో సరదా ఆట అయ్యుంటుందని తేల్చేస్తాడు. కోళ్లు పెంచుకునే ఇద్దరు స్నేహితురాళ్లు, చర్చి ఫాదర్ గారి భార్య, ఇలా అందరూ తమ తమ ధోరణిలో దాన్ని అర్థం చేసుకుంటారు. పాఠకుడికి పాత్రల పరిచయం జరిగిపోతుంది, అదీ వాళ్లకు తెలియకుండా వాళ్లను గమనిస్తున్నట్టుగా. పల్లెటూరి మిస్టరీ నవల నడిచేదంతా ఈ గమనింపు మీదే కాబట్టి, క్రిస్టీ మొదటి పేజీల్లోనే పాఠకుడికి ఆ పని అప్పగించేసింది.

ఆ ఇంటి యజమానురాలు లెటీషియా బ్లాక్‌లాక్‌కి ఆ ప్రకటన ఎవరిచ్చారో తెలియదు. కానీ ఊరి సంగతి తెలుసు, సాయంత్రానికి అందరూ దిగుతారని ముందే ఊహించి వచ్చేవాళ్ల కోసం షెర్రీ వైన్ సిద్ధం చేయిస్తుంది. అనుకున్నట్టే అందరూ వస్తారు. ఫాదర్ గారి భార్య తప్ప హత్య చూడ్డానికి వచ్చామని ఎవరూ అనరు, ఇటుగా వెళ్తూ పలకరించిపోదామని వచ్చినట్టే మాట్లాడతారు. గడియారం ఆరున్నర కొట్టేసరికి దీపాలు ఆరిపోతాయి. తలుపు తెరుచుకుని, మిరుమిట్లు గొలిపే టార్చి లైటు గది చుట్టూ తిరుగుతుంది. చేతులెత్తమని ఓ గొంతు అరుస్తుంది. తుపాకీ పేలుతుంది. మళ్లీ వెలుగు వచ్చేసరికి మిస్ బ్లాక్‌లాక్ చెవి నుంచి రక్తం కారుతూ ఉంటుంది, టార్చి పట్టుకున్న కుర్రాడు చచ్చి పడుంటాడు. దగ్గర్లోని మెడెన్‌హామ్ వెల్స్‌లో ఓ హోటల్లో పనిచేసే స్విట్జర్లాండ్ యువకుడతను. అదే హోటల్లో కీళ్ల నొప్పుల చికిత్స కోసం దిగిన ముసలావిడ మిస్ జేన్ మార్పుల్, క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్. తన చెక్కు మీద అంకె మార్చింది ఆ కుర్రాడేనని ఆవిడ అప్పటికే పసిగట్టి ఉంటుంది.

ఈ నవలను చాలామంది తెలివైన పజిల్‌గా చదివి పక్కన పెట్టేస్తారు. పజిల్ గట్టిదే, సందేహం లేదు. అయితే దీని అసలు బలం వేరే చోటుంది. పల్లెటూరి హత్య కథలన్నీ ఒక నమ్మకం మీద నడుస్తాయి. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు, కాబట్టి తేడా వస్తే ఎవరో ఒకరు గుర్తుపడతారన్నదే ఆ నమ్మకం. క్రిస్టీ ఇక్కడ ఆ నమ్మకం కూలిపోయాక ఏమవుతుందో చూపించింది. ముసలావిడ డిటెక్టివ్ ఎందుకు అవసరమో కూడా అక్కడే అర్థమవుతుంది.

ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్తే తేడా బాగా తెలుస్తుంది. మిస్ మార్పుల్ మొదట కనిపించింది 1927 డిసెంబర్‌లో, ఓ పత్రికలో వచ్చిన చిన్న కథలో. మొదటి నవల ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ 1930లో వచ్చింది. ఆవిడ ఊరు సెయింట్ మేరీ మీడ్. అక్కడ చర్చి ఫాదర్ ఇంటి పక్కనే ఆవిడ తోట. మొక్కలకు నీళ్లు పోస్తూనో, కలుపు తీస్తూనో, పిట్టల్ని చూసే వంకతో బైనాక్యులర్స్ పట్టుకునో వచ్చేపోయే వాళ్లందరినీ చూస్తూ ఉంటుంది. తోటపని ఎంత మంచి చాటో ఆవిడకు బాగా తెలుసు. ఎవరు ఎన్ని గంటలకు ఏ దారిన వెళ్లారు, చేతిలో బ్యాగ్ ఉందా లేదా అన్నది కూడా పోలీసులకు సాక్ష్యంగా చెబుతుంది. ఆ ఊళ్లో మిస్ హార్ట్‌నెల్, మిస్ వెదర్‌బీ, మిసెస్ ప్రైస్ రిడ్లీ ఉంటారు, వీళ్ల టీ సమావేశాల్లో ఊరి గుట్టంతా బయటపడుతుంది. కథ చెప్పే ఫాదర్‌కి ఈ ముచ్చట్లంటే చిరాకు. పాఠకుడూ ఆయనతో పాటు చిరాకుపడి వాటిని దాటేస్తాడు, అలా ఆధారాలనూ దాటేస్తాడు.

మిస్ మార్పుల్ గాల్లోంచి ఊడిపడలేదు. 1926 నాటి నవలలో ఇంట్లో కూర్చునే ఊరంతా ఆరా తీసే కెరొలైన్ షెపర్డ్ అనే పాత్ర రాయడం తనకెంతో నచ్చిందని, మార్పుల్‌కి బీజం అక్కడే పడి ఉంటుందని క్రిస్టీ ఆత్మకథలో చెప్పుకుంది. తన అమ్మమ్మ పోలికలూ కొన్ని ఉన్నాయంది. ఆ అమ్మమ్మ ఎప్పుడూ హుషారుగా ఉండేదట, అయినా ఎవరి విషయంలోనైనా ముందు చెడే ఊహించేదట, భయం వేసేంతగా ఆ ఊహ నిజమయ్యేదట. క్రిస్టీ పశ్చాత్తాపపడింది వేరే దానికి. అరవై అయిదు, డెబ్భై ఏళ్ల వయసుతో పుట్టించిన మనిషిని తర్వాత దశాబ్దాల పాటు నడిపించాల్సి వచ్చింది మరి. మొత్తం 12 నవలలు, 20 చిన్న కథల్లో ఆవిడ ఉంది. చివరిది క్రిస్టీ చనిపోయిన 1976లోనే వచ్చింది.

మళ్లీ చిప్పింగ్ క్లెగ్‌హార్న్‌కి వద్దాం. కథలోని అక్టోబర్ 29 శుక్రవారం. క్యాలెండర్ తీస్తే అది 1948కి సరిపోతుంది. నవల నడుమ మిస్ మార్పుల్, ఈ కేసు చూసే ఇన్‌స్పెక్టర్ క్రాడక్ మాట్లాడుకునే ఘట్టం ఒకటుంది. ఈ పుస్తకంలో ఒక్క ఘట్టాన్నే నెమ్మదిగా చదవాలంటే దాన్నే చదవాలి. పదిహేనేళ్ల కిందట ఊళ్లో ఎవరెవరో అందరికీ తెలిసేదని ఆవిడ అంటుంది. వాళ్ల తల్లిదండ్రులో, తాతలో, మేనత్తలో అదే ఊళ్లో బతికినవాళ్లు. కొత్తగా ఎవరైనా వస్తే పరిచయ లేఖలు తెచ్చుకునేవారు, లేదా ఊళ్లో ఎవరితోనో ఒకే పటాలంలోనో ఓడలోనో పనిచేసినవారై ఉండేవారు. ఇప్పుడు అలా లేదు. ప్రతి ఊళ్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చి కాపురం పెట్టినవాళ్లే. వాళ్లు తమ గురించి ఏం చెబితే అదే మనకు తెలిసింది.

ఆవిడ ఇచ్చే ఉదాహరణల్లో ఇండియా కనిపిస్తుంది. ఇంట్లో కాశీ ఇత్తడి సామాను పెట్టుకుని, టిఫిన్, ఛోటా హాజరీ (పొద్దున్నే తీసుకునే చిన్న ఫలహారం) అంటూ మాట్లాడితే చాలు, ఇండియాలో పనిచేసి వచ్చారని జనం నమ్మేస్తారు. తెలుగు పాఠకులు ఈ మాట దగ్గర ఓ క్షణం ఆగాలి. 1947 ఆగస్టు తర్వాత ఇక్కడి పటాలాల నుంచి, కచేరీల నుంచి, తోటల నుంచి ఇంగ్లండ్‌కి తిరిగి వెళ్లిన తెల్లవాళ్లు ఎందరో. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో దర్జాగా బతికిన దొరలు కూడా అందులో ఉన్నారు. మనకు అది స్వాతంత్ర్యం వచ్చిన కథ. అటువైపు చూస్తే, ఎవరికీ తెలియని మనుషులు పాత ఫొటోలు, ఇత్తడి గిన్నెలు వెంటబెట్టుకుని ఏదో ఓ పల్లెటూళ్లో పెన్షన్ మీద స్థిరపడ్డ కథ. కల్నల్ ఈస్టర్‌బ్రూక్ నిజంగా కల్నలేనా అని అడిగే హక్కు ఆ ఊళ్లో ఎవరికీ లేదు, అడిగినా తేల్చుకునే దారీ లేదు. సామ్రాజ్యం సర్దుకోవడం గురించి రాజకీయ చరిత్రలు చెప్పనిది ఈ హత్య కథ నాలుగు వాక్యాల్లో చెప్పేసింది.

మరి గుర్తింపు కార్డులు లేవా? ఉన్నాయి. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటన్‌లో జనాన్నంతా నమోదు చేసి కార్డులిచ్చారు. అవి 1952 దాకా నడిచాయి. ఇంకోవైపు రేషన్ పుస్తకాలు. ఇన్‌స్పెక్టర్ క్రాడక్‌కి దిగులు పుట్టించేది ఇదే. మామూలు జనానికిచ్చిన కార్డు మీద పేరూ నంబరూ ఉంటాయి, ఫొటో ఉండదు, వేలిముద్ర ఉండదు. కాస్త కష్టపడితే ఎవరైనా ఇంకెవరిగానో చెలామణి కావచ్చు. మనిషిని పోల్చుకునే పని ఊరి నుంచి కాగితానికి మారింది, ఆ కాగితానికి మనిషి మొహం తెలియదు. నవలలోని నేరమంతా ఈ సందులోంచే పుట్టుకొస్తుంది. హంతకులెవరో ఇక్కడ చెప్పడం భావ్యం కాదు కానీ, ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకున్న పాఠకుడు సగం దారి నడిచినట్టే.

రేషన్ కాలం ఈ కథకు వట్టి వాతావరణం కాదు. బ్రిటన్‌లో తిండి మీద రేషన్ 1940 జనవరిలో మొదలై 1954 జూలైలో గానీ పూర్తిగా పోలేదు. బొగ్గుకైతే 1958 దాకా పట్టింది. యుద్ధం గెలిచిన దేశంలో, గెలిచి మూడేళ్లయ్యాక కూడా, వెన్నకు కొలత, మాంసానికి కొలత. అయితే పల్లెటూళ్లో చుట్టూ పొలాలూ పశువులే ఉంటే జనం ఊరుకుంటారా? చిప్పింగ్ క్లెగ్‌హార్న్‌లో ఓ గుట్టు వ్యవహారం నడుస్తుంటుంది. ఫలానా రోజున ఓ పొలంలో వెన్న తీస్తారు. ఒకావిడ వెళ్లి తెచ్చి తెలిసినవాళ్లకు పంచుతుంది. దానికి బదులు ఇంకొకరు దోసకాయలు పంపుతారు. ఎక్కడైనా పందిని కోస్తే తలో ముక్క ముడుతుంది. ఇదంతా చట్టవిరుద్ధం కాబట్టి పైకి ఎవరూ మాట్లాడరు. ఇంట్లో ఎవరూ లేకపోయినా తలుపు తోసుకుని వెళ్లి సరుకు అక్కడ పెట్టి వచ్చేస్తారు.

ఇన్‌స్పెక్టర్‌కి ఈ సంగతి ఫాదర్ భార్య బంచ్ మామూలుగా చెప్పేస్తుంది. చదివేవాళ్లు నవ్వుకుని ముందుకెళ్తారు. కానీ దాని పర్యవసానం చూడండి. ఊళ్లో ఏ ఇంటికీ తాళం ఉండదు, ఎవరు ఎవరింట్లోకైనా వెళ్లవచ్చు, సొరుగులో తుపాకీ ఉంటే తీసుకోవచ్చు, తలుపు బందులకు నూనె రాయవచ్చు. లిటిల్ పాడక్స్ ముందు గదిలో ఎప్పుడూ వాడరని అందరూ అనుకునే రెండో తలుపు బందులకు ఎవరో ఈ మధ్యే నూనె రాశారని క్రాడక్ కనిపెడతాడు. ఇక సాక్షుల మాటల్లో తడబాటు, చిన్నచిన్న అబద్ధాలు. వాటిలో సగం హత్యకు సంబంధించినవే కావు, వెన్న గుట్టు బయటపడకూడదన్న భయంతో చెప్పినవి. నేరం చేసినవాళ్ల అబద్ధం, వెన్న దాచినవాళ్ల అబద్ధం పైకి ఒకేలా వినిపిస్తాయి. వాటిని విడదీయాలంటే వెన్న సంగతి తెలిసిన మనిషే కావాలి.

అంతకంటే చక్కని ఆధారం మరొకటి ఉంది. హత్య సాయంత్రం వచ్చిన అతిథులు ఒకరి తర్వాత ఒకరు దాదాపు ఒకే మాట అంటారు. అప్పుడే హీటింగ్ పెట్టారే, మేమింకా పెట్టలేదు అని. చామంతులు ఎంత బాగున్నాయో అని. అక్టోబర్‌లో, బొగ్గు కరువులో, ఇల్లంతా వెచ్చబెట్టే హీటింగ్ వెలిగించడమంటే డాబు కిందే లెక్క. వచ్చినవాళ్ల మాటల్లో కొంచెం ఈర్ష్య, ఇంకొంచెం మర్యాద. పాఠకుడికి ఇది ఉత్త లోకాభిరామాయణంలా అనిపిస్తుంది. హీటింగ్ ఉంటే గదిలో బొగ్గు నెగడు అక్కర్లేదు. నెగడు మండితే వేడితో పాటు ఇంకేం వస్తుంది? ఈ ప్రశ్న దగ్గర పుస్తకం మూసి ఐదు నిమిషాలు కూర్చుంటే చాలా తెలుస్తుంది. ఇంటి ఖర్చులు, బొగ్గు లెక్కలు చూసుకునేవాళ్లకు తట్టే ప్రశ్న ఇది. నేరస్థలంలో భూతద్దం పట్టుకుని తిరిగేవాళ్లకు తట్టదు.

తెలుగు డిటెక్టివ్ నవలలతో పెరిగినవాళ్లకు ఇక్కడ కొంత సర్దుబాటు కావాలి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌కి డిటెక్టివ్ పని వృత్తి. పక్కన రాజు అనే అసిస్టెంటు ఉంటాడు, కేసు చేతికి రాగానే పరుగు మొదలవుతుంది. మిస్ మార్పుల్ నవలలో పరుగు ఉండదు. ఆవిడ పుస్తకంలోకి రావడమే కాస్త ఆలస్యంగా వస్తుంది, వచ్చాక అల్లికపని పట్టుకుని ఓ మూల కూర్చుంటుంది. ఆ వేగం అందుకునే దాకా వంద పేజీలు టీ కప్పుల మధ్య విసుగ్గా గడవచ్చు. ఆ టీ కప్పుల దగ్గరే కథ జరుగుతోందని గ్రహించాక విసుగుండదు.

ఆవిడ పద్ధతి 1927 నాటి తొలి కథలోనే స్పష్టంగా ఉంది. ఊళ్లో మిసెస్ కరుథర్స్ ఓ కొట్లో రొయ్యలు కొని, ఇంకో రెండు కొట్లు తిరిగి ఇంటికొచ్చేసరికి అవి లేవట. వాటికి ఏమైందన్నదే మిస్ మార్పుల్ చెప్పిన మిస్టరీ. చుట్టూ లాయరు, రచయిత, స్కాట్లాండ్ యార్డ్ మాజీ అధికారి కూర్చుని ఉంటారు. ఎవరూ పట్టించుకోరు. ఆ సాయంత్రం వాళ్లు చెప్పుకున్న విషప్రయోగం కేసుకు సరైన జవాబు చెప్పేది మాత్రం ఆవిడే, తమ ఊళ్లో ఒకాయన దాచిన కాపురం గుర్తొచ్చి. ఒక మనిషిని చూడగానే ఆవిడకు ఇంకో మనిషి గుర్తొస్తాడు, వాడు అప్పుడేం చేశాడో గుర్తొస్తుంది. దీన్ని చాలామంది ఆడవాళ్ల అంతర్దృష్టి అనేసి ఊరుకుంటారు. అది తప్పు. అరవై ఏళ్ల పాటు ఒకేచోట ఉండి, పనిమనుషులు, అద్దెకున్నవాళ్లు, వారసత్వాల కోసం కాచుకున్న మేనల్లుళ్లు, వీళ్లందరి వ్యవహారాలు మొదటి నుంచి చివరిదాకా చూసిన జ్ఞానం అది. డాక్టరు రోగుల్ని చూసి నేర్చుకున్నట్టే.

చిప్పింగ్ క్లెగ్‌హార్న్‌లో ఆవిడకు ఆ వసతి లేదు, ఆ ఊళ్లో తనే కొత్త మనిషి. అందుకే వినడం మీదే ఆధారపడుతుంది. ముఖ్యంగా డోరా బన్నర్ మాటలు. డోరా మిస్ బ్లాక్‌లాక్‌కి చిన్ననాటి స్నేహితురాలు. ముసలితనంలో గతి లేక ఉత్తరం రాస్తే ఆవిడ చేరదీసింది. డోరాకు మతిమరుపు, కంగారు. పేర్లు తప్పుగా పలుకుతుంది, ఆ రోజు గదిలో ఉన్న దీపం ఇది కాదని, రెండోదని ఒకటే సాధిస్తుంది. ఇంట్లో కుర్రాళ్లు నవ్వుతారు. పోలీసులు ఓపిగ్గా విని పక్కన పెడతారు. మిస్ మార్పుల్ ఆవిడను కూర్చోబెట్టుకుని చెప్పింది చెప్పినట్టు వింటుంది. ఇన్‌స్పెక్టర్ క్రాడక్‌తో మాట్లాడేటప్పుడు డోరా తన పేదరికం గురించి చెబుతుంది. అన్నం లేకపోయినా ఫర్వాలేదు, బల్ల మీద పూలుంటే చాలు అనేవాళ్లు ఎన్ని పూటలు పస్తున్నారో అని అడుగుతుంది. క్రిస్టీ పాత్రలకు లోతు లేదనే విమర్శకులు ఈ పేజీ చదివి మాట్లాడాలి. ఆధారాలన్నీ ఆవిడ తడబాటు మాటల్లోనే ఉన్నాయి. ఆ మాటలు అంతగా బాధ కలిగిస్తాయి కాబట్టి ఆధారాల్లా అనిపించవు.

టార్చి లైటు సంగతీ ఇలాంటిదే. చీకటి గదిలో కళ్లలోకి టార్చి కొడితే వెలుగు తప్ప ఏమీ కనబడదు. అయినా సాక్షులందరూ ముసుగు మనిషి ఎలా ఉన్నాడో వర్ణిస్తారు, ఒకరి వర్ణన ఇంకొకరిదానికి పొంతన ఉండదు. తెరుచుకున్న తలుపు వెనక ఇరుక్కుని, కళ్లలో వెలుగు పడని ఒకే ఒక్క మనిషి ఉంది. ఆవిడ ఏం చూసిందన్నది కాదు, ఏం చూడలేదన్నది ముఖ్యం. ఈ భాగంలో నవల టెన్షన్ ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పటిదాకా ఆటలా నడిచిన కథలో మనకు ఇష్టమైన మనుషులు ప్రమాదంలో పడతారు.

లోపాలు లేకపోలేదు. ఎవరు ఎవరో తెలియదన్న ఆలోచన మీద ప్రేమ ఎక్కువై, క్రిస్టీ ఒకే ఊళ్లో మరీ ఎక్కువమందికి మారుపేర్లు తగిలించింది. స్కాట్లాండ్‌లో చావుబతుకుల మధ్య ఉన్న ఓ ధనికురాలి ఆస్తి ఎవరికి దక్కుతుందన్న చిక్కు ఉంది. ఆవిడ ముందుపోతే మిస్ బ్లాక్‌లాక్‌కి, లేకపోతే జాడ తెలియని పిప్, ఎమ్మా అనే కవలలకు. ఆ కవలల కూపీ లాగే భాగంలో నమ్మశక్యం కాని యాదృచ్ఛికాలు వరుస కడతాయి. ఇంకో లోపం అంతకంటే ఇబ్బందికరమైనది. వంటమనిషి మిట్సీ యూరప్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన శరణార్థి, కుటుంబాన్ని పోగొట్టుకున్న మనిషి. నవలలో చాలా భాగం ఆవిడ భయాన్ని, అతిశయోక్తుల్ని నవ్వులాటకు వాడుకుంది. ఆవిడ అబద్ధాల అడుగున ఎంతో కొంత నిజం ఉందని మిస్ బ్లాక్‌లాక్ చేత ఒకచోట అనిపించారు, చివర్లో మిట్సీకి ధైర్యంగా నిలబడే అవకాశమూ ఇచ్చారు. అయినా 1950 నాటికి ఆ శిబిరాల్లో ఏం జరిగిందో లోకానికి తెలుసు. ఆ హాస్యం ఇవాళ చదివితే ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇదయ్యాక చదవాల్సింది 1962 నాటి ‘ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్’. అప్పటికి మార్పు సెయింట్ మేరీ మీడ్‌కే వచ్చేసింది. పొలాలున్న చోట కొత్త ఇళ్ల కాలనీ వెలిసింది, సూపర్ మార్కెట్ వచ్చింది. మిస్ మార్పుల్‌ని తోటపని చేయొద్దని డాక్టరు కట్టడి చేశాడు. ఒకరోజు అందరి కళ్లుగప్పి ఆవిడ ఆ కాలనీలోకి నడిచి వెళ్తుంది. అక్కడి కుర్రాళ్లలో, కొత్త దంపతుల్లో తన పాత ఊరివాళ్ల పోలికలే వెతుక్కుంటుంది. కాలు జారి పడితే హెదర్ బాడ్‌కాక్ అనే ఆవిడ లేవదీసి ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇస్తుంది. ఆ కాసేపటి మాటల్లోనే ఆ మనిషి స్వభావం మిస్ మార్పుల్‌కి అర్థమైపోతుంది. తర్వాత జరిగే హత్యకు కారణం ఆ స్వభావంలోనే ఉంటుంది.